ఫ్రోబెల్ కానుకలు: ఒక కొయ్య పని డైరీ

జూన్ 8, ఆదివారం

గురువారం నుంచి మా మనవరాలు ఎల్‌కేజీ. పుస్తకాల సంచి అప్పుడే వచ్చేసింది, దాన్ని మోసే భుజమే ఇంకా రావాలి. మా అల్లుడిని అడిగాను, "ఎల్‌కేజీలో కే, జీ అంటే ఏమిటి బాబూ?" అని. "కిండర్‌గార్టెన్ కదా మామయ్యా" అన్నాడు. "అంటే?" అన్నాను. కాసేపు ఆలోచించి, "అంటే ఎల్‌కేజీయే కదండీ" అన్నాడు.

అతని తప్పేమీ లేదు. జర్మన్ భాషలో కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట. ఆ పేరు పెట్టినాయన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. పేరొక్కటే కాదు, పిల్లల చేతికి ఇవ్వడానికి ఒక వస్తువుల వరుసను కూడా తయారు చేశాడు. వాటికి 'కానుకలు' అని పేరు. ఉన్ని బంతులతో మొదలై కొయ్య ఘనాలు, పలకలు, పుల్లలు, రింగుల మీదుగా నడిచే వరుస అది. మన వీధుల్లోకి పేరు వచ్చింది, వస్తువులు రాలేదు.

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు కుర్రాళ్ల చేత రంపం పట్టించినవాణ్ని. ఇంట్లో బల్ల ఉంది, బిగింపు ఉంది, ఖాళీ బోలెడంత ఉంది. మొదటి ఆరు కానుకలూ సొంతంగా చేయాలని నిశ్చయించాను. గడువు జూన్ 28. 1840లో ఆ రోజునే ఫ్రోబెల్ తురింగియా కొండల్లోని బ్లాంకెన్‌బర్గ్‌లో తన కిండర్‌గార్టెన్‌ను ప్రారంభించాడు. ఇరవై రోజులు, ఆరు పెట్టెలు. హాయిగా అయిపోతుంది.

(ఆగస్టులో చేర్చిన మాట: పై వాక్యాన్ని కొట్టేయకుండా ఉంచుతున్నాను. విద్యార్థులను ఇలాంటి అంచనాలకే తిట్టేవాణ్ని.)

జూన్ 10

మొదటి కానుకలో నా పని ఏమీ లేదు. ఆరు ఉన్ని బంతులు: ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఒక్కోదానికి ఒక దారం. మా ఆవిడ క్రోషే సూది తీసి రెండు సాయంత్రాల్లో ఆరూ అల్లేసింది. "మీ ఫ్రోబెల్ గారికి అల్లికలు ఎవరు నేర్పారు?" అని అడిగింది.

తల్లి మాత్రం కాదు. ఆయన 1782 ఏప్రిల్ 21న ఓబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్ళో ఒక పాస్టరు ఇంట పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. పసిబిడ్డ మొదటి బడి తల్లి ఒడి అని జీవితాంతం చెప్పిన మనిషికి ఆ ఒడి ఎలా ఉంటుందో జ్ఞాపకమైనా లేదు. 1844లో తల్లులు పిల్లలతో ఆడుతూ పాడే పాటలను, చేతి ఆటలను బొమ్మలతో సహా పుస్తకంగా వేశాడు. మన 'చెమ్మచెక్క' కోవలోవే అవన్నీ.

దారం ఎందుకో బంతి చేతికి వచ్చాకే తెలిసింది. దారం పట్టుకుని బంతిని ఊయలలా ఊపవచ్చు, గుప్పిట్లో దాచవచ్చు, బల్ల అంచు నుంచి జారవిడిచి మళ్ళీ లాగవచ్చు. 'ఉంది, లేదు, మళ్ళీ వచ్చింది' అని బిడ్డకు తెలియాలంటే, వెళ్ళిన వస్తువు తిరిగి రావాలి. పక్కింటి పది నెలల బాబు మీద ప్రయోగించాం. ఎర్రబంతిని నోట్లో పెట్టుకుని తిరిగి ఇవ్వలేదు.

జూన్ 15, ఏటికొప్పాక

రెండో కానుక: ఒక బంతి, ఒక స్తూపం (సిలిండర్ ఆకారం), ఒక ఘనం. మూడూ కొయ్యవే. బంతి అడ్డుకొలత, స్తూపం అడ్డుకొలత, దాని ఎత్తు, ఘనం అంచు, అన్నీ ఒకే కొలత ఉండాలి. నేను 50 మిల్లీమీటర్లు పెట్టుకున్నాను. ఘనం నేను కోసుకోగలను. బంతికి లేత్ కావాలి, అది నా దగ్గర లేదు. విశాఖకు ఇంత దగ్గరలో లక్క బొమ్మల ఊరు పెట్టుకుని వేరేచోటికి ఎందుకు వెళ్ళాలి? ఎలమంచిలిలో దిగి ఆటో ఎక్కాను.

నాకు పని చేసిపెట్టిన కళాకారుడు నా వయసువాడే. అంకుడు కర్ర ముక్కను లేత్‌కు బిగించి, ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు రిబ్బన్లలా లేచింది. స్తూపం పది నిమిషాల్లో వచ్చింది. బంతి దగ్గర ఆయన నెమ్మదించాడు. అట్ట మీద అర్ధచంద్రాకారం కత్తిరించి తీసుకెళ్ళాను, అది ఆనించి చూసుకోమని. ఆయన ఒకసారి ఆనించి పక్కన పెట్టేశాడు. తిరుగుతున్న కర్ర అంచును వెలుతురుకు ఎదురుగా చూస్తూ, చూపుతోనే కొలుచుకుంటూ తీశాడు. అయ్యాక వెర్నియర్‌తో కొలిచాను: అడ్డంగా 49.6, నిలువుగా 49.8.

"ఏ రంగు లక్క పట్టించమంటారు మాస్టారూ?"

"రంగు వద్దు. ఉత్త కర్రే."

లేత్ ఆపేశాడు. ఏటికొప్పాక వచ్చి లక్క వద్దన్నవాణ్ని నన్నే చూసి ఉంటాడు. తిరిగే కర్రకు లక్క పుల్లను ఆనిస్తే రాపిడి వేడికి అది కరిగి అంటుకోవడం, ఆపైన మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరవడం, ఆ ఊరి ప్రాణమంతా అందులోనే ఉంది. రంగు పాఠం ఉన్ని బంతులతో అయిపోయిందని, ఈ కానుకలో బిడ్డ చూడాల్సింది ఆకారమేనని చెప్పాను. ఆయన తల ఊపాడు కానీ ఒప్పుకోలేదు. వస్తుంటే మనవరాలికని ఒక ఎర్రటి బొంగరం ఊరికే ఇచ్చాడు.

జూన్ 21, శనివారం

మూడింటికీ చిన్న స్క్రూ కొక్కేలు బిగించి, అడ్డకర్ర నుంచి దారాలతో వేలాడదీశాను. దారాన్ని మెలిపెట్టి వదిలితే వస్తువు గిరగిరా తిరగాలి.

ఘనానికి పై ముఖం మధ్యలో కొక్కెం. తిప్పి వదిలాను. మూలలు మసకబారి గాలిలో కలిసిపోయాయి, లోపల గట్టిగా నిలిచింది ఒక స్తూపం. తరువాత స్తూపాన్ని పక్కనుంచి, అంటే వంపు తిరిగిన ఒంటి మధ్యలో కొక్కెం పెట్టి, అడ్డంగా తిప్పాను. చుట్టూ మసక, ఆ మసక లోపల ఒక బంతి. పక్కన వేలాడుతున్న అసలు బంతి ఎంతుందో అంతే.

రెండుసార్లు, మూడుసార్లు తిప్పాను. అన్ని కొలతలూ ఒకటే ఎందుకు ఉండాలో అప్పుడు బోధపడింది. ఘనంలో స్తూపం ఉంది, స్తూపంలో బంతి ఉంది. కొలత అటూ ఇటూ అయితే లోపల కనిపించే బంతికీ పక్కనున్న బంతికీ చుట్టరికం తెగిపోతుంది. 49.6 దగ్గర చుట్టరికం కాస్త దూరమే, అయినా కలుస్తోంది.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. ఫ్రోబెల్ మొదట అడవుల అధికారి దగ్గర పని నేర్చుకున్నాడు. స్విట్జర్లాండులోని ఇవెర్డాన్‌లో పెస్టలోజీ అనే విద్యావేత్త బడిలో 1808 నుంచి రెండేళ్లు ఉన్నాడు. నెపోలియన్‌తో యుద్ధానికి వెళ్ళి వచ్చాక, 1814లో బెర్లిన్ ఖనిజాల మ్యూజియంలో వైస్ అనే ఆచార్యుడి దగ్గర సహాయకుడిగా చేరాడు. పని ఏమిటంటే స్ఫటికాలను వర్గీకరించడం. ఒక ఆకారం లోపలి నియమాన్ని బట్టి ఇంకో ఆకారంగా ఎలా మారుతుందో రోజంతా చూడటం. పెస్టలోజీ దగ్గర పిల్లల్ని చూశాడు, వైస్ దగ్గర స్ఫటికాలను చూశాడు. నా దారాలకు వేలాడుతున్నది ఆ రెండూ కలిస్తే వచ్చిన వస్తువు.

ఈ రోజు ఆయన వర్ధంతి. 1852 జూన్ 21న మారీన్‌తాల్‌లో చనిపోయాడు. ష్వైనాలో ఉన్న ఆయన సమాధి మీద రాతితో ఘనం, దాని పైన స్తూపం, దాని పైన బంతి నిలబెట్టారు.

జూన్ 28, శనివారం

గడువు నేడే. పెట్టెలు: సున్నా.

మూడో కానుక వినడానికి చాలా తేలిక. అంగుళం ఘనాలు ఎనిమిది, కలిపితే రెండంగుళాల ఘనం. నేను అంగుళాన్ని 25 మిల్లీమీటర్లుగా తీసుకున్నాను. సామిల్లులో మిగిలిన పాత టేకు ద్వారబంధం ముక్క దొరికింది. కోసి, చిత్రిక పట్టి, 25 చదరపు బద్ద తీశాను. మైటర్ పెట్టెలో (రంపాన్ని నిటారుగా నడిపే గాడి పెట్టె) పెట్టి ఎనిమిది ముక్కలు కోశాను. ఉప్పుకాగితంతో ముక్క ముక్కనూ చేతిలో పట్టుకుని నున్నగా రుద్దాను. అక్కడే చెడింది. అంచులన్నీ గుండ్రంగా అరిగాయి. పేర్చితే మైసూర్‌పాక్ ముక్కల్లా ఉన్నాయి, మధ్య సందుల్లో వెలుతురు కనిపిస్తోంది. ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఆరోదాని దగ్గరే గోపురం వాలింది.

రెండో విడతలో ముక్కకు కాక కాగితానికి మర్యాద ఇచ్చాను. పాత కిటికీ అద్దం మీద ఉప్పుకాగితం అంటించి, ముక్కను దాని మీద నిలువుగా ఆనించి ఒకే దిశలో లాగాలి, నాలుగు లాగులకోసారి మూలమట్టంతో చూసుకోవాలి. కోసేటప్పుడు బద్ద కొసకు అడ్డుగా ఒక దిమ్మె బిగిస్తే ముక్కలన్నీ ఒకే పొడవు వస్తాయి. ముప్పై ఏళ్లు నేను బోర్డు మీద రాసిన పాఠమే ఇది.

సాయంత్రానికి పది ముక్కలు వచ్చాయి. అందులో ఎనిమిది మంచివి ఏరాను. వేలితో తడిమితే కీలు తెలియనంత దగ్గరగా కూర్చున్నాయి. టీ చల్లారిపోయింది.

జూలై 6

నాలుగో కానుకను గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఎనిమిది ఇటుకలు, ఒక్కోటి 50, 25, 12.5. పొడవులో సగం వెడల్పు, వెడల్పులో సగం మందం. బద్ద సరిగ్గా వస్తే మిగతాదంతా సరిగ్గా వస్తుంది. వచ్చింది.

పెట్టెల మీదే రోజంతా గడిచింది. మూత గాడిలో జారాలి. పెట్టెను తెరిచే పద్ధతికి ఈ జారుడు మూతే ప్రాణం. ముందు పెట్టెను బల్ల మీద బోర్లించాలి. అడుగున ఉన్న మూతను పక్కకు లాగేయాలి. ఆపైన పెట్టెను నిటారుగా పైకి ఎత్తాలి. ముక్కలు కుప్పగా పడవు. ఒక నిండు ఘనం బల్ల మీద నిలబడి ఉంటుంది. బిడ్డ ముందు మొత్తాన్ని చూస్తుంది, ఆ తరువాతే భాగాలను. ఆట ముగిశాక మళ్ళీ ఘనంగా పేర్చి, పెట్టె బోర్లించి, మూత దూర్చి, తిరగేయాలి.

ఆటకు ఇంకో నియమం ఉంది: ఏ బొమ్మ కట్టినా అన్ని ముక్కలూ వాడాలి. కట్టింది కూల్చకుండా, ఒక్కో ముక్కను జరిపి కుర్చీని మంచంగా, మంచాన్ని మెట్లుగా మార్చాలి. ఇలా ఇంట్లోని వస్తువులు కడితే అవి జీవన రూపాలు, మధ్యబిందువు చుట్టూ ముగ్గులా పరిస్తే సౌందర్య రూపాలు, సగాలు, పావులు చేసి లెక్క చూస్తే జ్ఞాన రూపాలు.

జూలై 13

అయిదో కానుక నన్ను ఓడించబోయింది. మూడంగుళాల ఘనం, 27 చిన్న ఘనాలు. అందులో 21 నిండువి. మూడింటిని మూల నుంచి మూలకు కోసి సగాలు చేయాలి, ఇంకో మూడింటిని రెండు మూలగీతల మీదా కోసి పావులు చేయాలి. 21, 6, 12 కలిపి 39 ముక్కలు. ఇళ్ల కప్పులు, గోపురాలు వచ్చేది ఈ ఏటవాలు ముక్కలతోనే.

25 ఘనాన్ని మూలగా కోసి, రెండు సగాలనూ మళ్ళీ జత చేశాను. జత కుదరలేదు, ఒక వైపు మిల్లీమీటరు తక్కువ. రంపం తన వాటా తినేసింది. రంపం పళ్ల మందం ఒకటిన్నర మిల్లీమీటరు, అంత కొయ్యా పొట్టయిపోతుంది. కోసిన ఘనం తిరిగి ఘనం కాదు! కాగితం మీద సగం, సగం కలిస్తే ఒకటి. బల్ల మీద సగం, సగం, పొట్టు కలిస్తే ఒకటి.

కాబట్టి ఘనాన్ని కోయకూడదు. 27 చదరపు బద్ద తీసి, దాన్ని వి ఆకారపు గాడిలో కూర్చోబెట్టి పొడవునా మూలగా చీల్చాలి. అప్పుడు ఒక్కో సగం పక్క 26కి కాస్త తక్కువగా మిగులుతుంది. ఏటవాలు ముఖాన్ని చిత్రిక పట్టుకుంటూ పక్కలు సరిగ్గా 25 అయ్యేదాకా దించాలి. పావు ముక్కకు పెద్ద పక్క 25 కాబట్టి, దాన్ని 1.414తో భాగిస్తే చిన్న పక్కలు 17.7 వస్తాయి. 19.5 బద్ద చీల్చి ఆ కొలతకు దించాను. నాలుగు పావులు కలిపి పక్కనే నిండు ఘనాన్ని పెట్టి చూశాను. కవల పిల్లలు.

ఆరో కానుకకు కూడా ఇదే రోజు బద్దలు కోసి పెట్టాను: 18 ఇటుకలు, 12 సగం పలకలు, 6 సన్నటి స్తంభాలు, 36 ముక్కలు.

జూలై 20

కొయ్య పనికి విరామం. చేతికి బొబ్బ. వరుసలో చాలా చివరిది ఒకటి మధ్యలో చేసి చూశాను: నానబెట్టిన బఠాణీలు, పుల్లలు. జర్మనీలో ఎండు బఠాణీలే వాడేవారు. రాత్రి నానబెడితే ఉదయానికి పుల్ల గుచ్చేంత మెత్తబడతాయి, ఎండాక బిగుసుకుని పుల్లను వదలవు. శనగలతో కూడా ప్రయత్నించాను, పగిలిపోతున్నాయి. బఠాణీలే మేలు.

పన్నెండు పుల్లలతో ఘనం కట్టాను. వేలితో తోస్తే పక్కకు వాలిపోయింది. ఆరు పుల్లలు, నాలుగు బఠాణీలతో త్రిభుజాల పిరమిడ్ కట్టాను. తోస్తే కదల్లేదు. అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే భవన రూపకర్త చిన్నప్పుడు కిండర్‌గార్టెన్‌లో చేసింది ఇదే. చూపు బాగా మందం, ఇంకా కళ్లజోడు రాలేదు. మిగతా పిల్లలు ఇళ్ల ఆకారం చూసి చతురస్రాలు కడుతుంటే, అతను తడిమి చూసి గట్టిగా నిలిచేదాన్ని ఎంచుకున్నాడు, త్రిభుజాన్ని. పెద్దయ్యాక కట్టిన గుండ్రటి కప్పులకు కూడా త్రిభుజాలే ఆధారం. భవనశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు వాళ్లమ్మ ఈ కానుకలను 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చూశాక తెచ్చిపెట్టింది. ఆ నున్నటి కొయ్య ముక్కల స్పర్శ ముసలితనంలోనూ ఆయన వేళ్లకు గుర్తుంది.

మిగిలిన బఠాణీలతో మా ఆవిడ కూర వండింది.

జూలై 27, ఆదివారం

మనవరాలు వచ్చింది. బడిలో ఆరు వారాలుగా ఒకటి నుంచి యాభై దాకా రాయిస్తున్నారు. చూపుడువేలి మీద పెన్సిలు నొక్కు కనిపిస్తోంది.

మూడో కానుక ఇచ్చాను. తెరిచే పద్ధతి చూపించాను. పెట్టె ఎత్తగానే ఘనాన్ని చూసి, రెండు చేతులతో ఒక్కసారి పడగొట్టింది. తరువాత రెండు ముక్కలు తీసుకుని "ఇది అమ్మ, ఇది నేను" అంది. మిగతా ఆరూ బల్ల మీదే ఉన్నాయి. "అన్నీ వాడాలి తల్లీ" అన్నాను. "వాళ్లు ఊరెళ్ళారు తాతయ్యా" అంది.

ఏం చెప్పను? ఈ పోరు ఈ ఇంట్లో మొదలైంది కాదు. ఫ్రోబెల్ తరువాతి తరం టీచర్లు కానుకలను కవాతుగా మార్చేశారు. గళ్లు గీసిన బల్లల ముందు పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, మొదటి ఘనం ఇక్కడ, రెండోది అక్కడ అని చెప్పి, అందరి చేతా ఒకే బొమ్మ కట్టించేవారు. అమెరికాలో స్టాన్లీ హాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద విరుచుకుపడ్డాడు. అంత చిన్న ముక్కలతో సన్నటి పని పసి వేళ్లకు, కళ్లకు భారం అన్నాడు. ప్యాటీ స్మిత్ హిల్ అనే ఉపాధ్యాయిని నేల మీద నిలబడి కట్టుకునే పెద్ద పెద్ద దిమ్మెలు చేయించింది. మాంటిస్సోరి రోములో తొలి పిల్లల ఇల్లు తెరిచింది 1907లో. ఫ్రోబెల్ పోయిన అర్ధ శతాబ్దం తరువాత వేరే దారిలో వచ్చిన మనిషి ఆవిడ. ఇద్దరినీ ఒకే బోర్డు మీద కలిపేసేవాళ్లున్నారు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయింది.

రెండు నెలలు కొలిచాక నాకు తోచింది ఇది. కచ్చితంగా ఉండాల్సింది వస్తువు చేసేవాడు. అరమిల్లీమీటరు తేడా రాకుండా చూసుకోవాల్సింది నేను. ఆ భారం నేను మోస్తే, పిల్ల ఎలా పేర్చినా నిలబడుతుంది, ఊరెళ్ళినవాళ్లు ఎప్పుడొచ్చినా చోటు దొరుకుతుంది. ఆ కవాతు టీచర్లు ఆ భారాన్ని తీసి పిల్లల నెత్తిన పెట్టారు. వ్రాతపుస్తకం గళ్లలో మా పిల్ల అంకెలు గీత దాటితే ఎర్ర సిరా పడటం కూడా అదే పని.

ఆగస్టు 7

ఇది ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం) ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించిన రోజు, 1851లో. మంత్రి ఫాన్ రౌమర్ చెప్పిన కారణం నాస్తికత్వం, సోషలిజం. రంగు బంతులతో ఆడుకునే మూడేళ్ల పిల్లల మీద! ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ ఆడపిల్లల చదువు గురించి ఒక కరపత్రం రాశాడు, అధికారులు ఆ రాతలను బాబాయి ఖాతాలో వేశారు. తప్పు ఎత్తిచూపినా నిషేధం తీయలేదు. మరుసటి ఏడు ఆయన పోయాడు. నిషేధం 1860లో గానీ ఎత్తలేదు.

అప్పటికే విత్తనాలు గోడ దాటాయి. బెర్తా రోంగే 1851లోనే లండన్‌లో మొదలుపెట్టింది. మార్గరెట్ షుర్ట్స్ 1856లో అమెరికాలోని వాటర్‌టౌన్‌లో తన ఇంట్లోనే జర్మన్ పిల్లలకు ఒకటి నడిపింది. ఎలిజబెత్ పీబాడీ 1860లో బోస్టన్‌లో ఇంగ్లిషులో మొదటిది తెరిచింది. 1876లో టోక్యో. జర్మనీ లోపల బారనెస్ మారెన్‌హోల్ట్స్-బ్యూలో నిషేధం ఎత్తించడానికి తిరగని గడప లేదు. అందరూ ఆడవాళ్లే. చదువుకున్న స్త్రీకి గౌరవంగా చేసుకునే కొలువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో, ఇది కొత్తగా పుట్టిన కొలువు.

ఆరో పెట్టెకు ఈ రోజు వార్నిష్ వేశాను.

ఆగస్టు 10, ఆదివారం

మూడు రోజులుగా ముసురు. విశాఖ తేమకు మూడో పెట్టె మూత ఉబ్బి గాడిలో బిగుసుకుపోయింది. ఘనాలు బాగానే ఉన్నాయి, ముసలి టేకు కదలదు. మూతకు వాడిన చవక పలకే మోసం చేసింది.

మనవరాలు లాగి లాగి విసిగిపోయి పెట్టెను నా ఒళ్లో పెట్టింది. నెమ్మదిగా సుత్తితో తట్టి మూత తీశాను. అంచు నుంచి అర మిల్లీమీటరు చిత్రిక పట్టి, కొవ్వొత్తి మైనం రుద్ది ఇచ్చాను. తనే బోర్లించింది, తనే మూత లాగింది. పెట్టె ఎత్తబోయి ఆగి, పక్కకు వంగి, బల్లకు బుగ్గ ఆనించి, సందులోంచి లోపలికి చూసింది.

"ఇంకా నిద్రపోతున్నాయి" అంది గుసగుసగా.

అయిదో పెట్టె మూత కూడా ఒకసారి చూడాలి. దానికీ అదే పలక.